ముందు రసీదు పుస్తకం, తర్వాతే వీడియో

(ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు తలసేమియా ఉన్న పిల్లల కోసం పనిచేసే చిన్న సంస్థల వాలంటీర్ల శిక్షణ శిబిరంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు అడిగింది ఒకటే. "సార్, సోషల్ మీడియాలో ఒక ఛాలెంజ్ పెట్టి విరాళాలు సేకరిద్దామనుకుంటున్నాం. మంచి ఐడియా చెప్పండి." తప్పకుండా చెబుతాను. కానీ చివర్లో చెబుతాను. ఐడియాతో మొదలుపెట్టి నష్టపోయిన అనుభవం నాకుంది. అది మీకు రాకూడదనే ఇక్కడికి వచ్చాను.

ముందు ఒక్క ప్రశ్న. మీలో ఎంతమంది చిన్నప్పుడు వినాయక చవితి చందాలకి ఇల్లిల్లూ తిరిగారు? చేతులెత్తండి. చూశారా, హాల్లో దాదాపు అందరూ ఎత్తారు. అంటే విరాళాల సేకరణ మీకు కొత్త కాదు. పదేళ్ల వయసులోనే చేశారు. ఆ రోజుల్లో మీ చేతిలో ఏముండేది? రసీదు పుస్తకం. అందులో మొదటి రసీదు ఎవరి పేరు మీద రాయించేవాళ్లు? వీధిలో కాస్త పెద్ద మనసున్న వాళ్లింటికి ముందు వెళ్లి, వెయ్యిన్నూట పదహార్లు రాయించుకుని, ఆ తర్వాత మిగతా ఇళ్లకు వెళ్లేవాళ్లు. రెండో ఇంటాయన పుస్తకం తిప్పి చూసి, పది రూపాయలు ఇద్దామనుకున్నవాడు నూట పదహార్లు ఇచ్చేవాడు. ఎవరింటికి ఎవరు వెళ్లాలో కూడా మీకు తెలుసు. టీచరుగారింటికి ఆవిడ దగ్గర చదివిన పిల్లాడే వెళ్లాలి. ఆ పిల్లాడి ముఖం చూసి ఆవిడ కాదనలేరు. పండగ మూడో రోజుకి పందిట్లో బోర్డు మీద అందరి పేర్లూ కనిపించేవి.

నూట పదహార్లు కొన్ని వేలు, లక్షలు కావాలంటే ఏం జరగాలో కూడా మన దగ్గరే ఉంది. బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2025లో 35 లక్షలకు పోయింది. నలుగురి మధ్య నిలబడి ఇవ్వడం, ఇచ్చినది నలుగురికీ తెలియడం, ఆ డబ్బు ఊరికి ఉపయోగపడిందని జనం చూడటం. సోషల్ మీడియా ఛాలెంజ్‌లో నడిచేది కూడా ఇదే. ఫోన్ మాత్రమే కొత్తగా వచ్చింది.

ఇప్పుడు ప్రపంచమంతా చూసిన ఛాలెంజ్ సంగతి చూద్దాం. 2014 వేసవిలో ఐస్ బకెట్ ఛాలెంజ్ వచ్చింది. నెత్తి మీద ఐసు నీళ్లు పోసుకోవడం మీ అందరికీ గుర్తుంటుంది. ఎందుకు పోసుకున్నారో గుర్తున్నవాళ్లు తక్కువ. ఏఎల్ఎస్ అనే జబ్బు కోసం. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. చేతులు, కాళ్లు, మాట, మింగడం, చివరికి ఊపిరి. చాలామందిలో మనసు మాత్రం మెలకువగానే ఉంటుంది. బోస్టన్ దగ్గర పీట్ ఫ్రేట్స్ అనే బేస్‌బాల్ ఆటగాడికి 27 ఏళ్ల వయసులో, 2012లో, ఈ జబ్బు ఉందని తేలింది. ఆయన, న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన పాట్ క్విన్, వాళ్ల స్నేహితులు ఈ జబ్బు కోసం ఆ ఛాలెంజ్‌ని ఊరూరా పాకించారు. ఫేస్‌బుక్‌లో కోటీ 70 లక్షలకు పైగా వీడియోలు వచ్చాయి. అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి కొన్ని వారాల్లోనే 11 కోట్ల 50 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు సాయంతో జరిగిన పరిశోధనలో 2016లో ఈ జబ్బుతో సంబంధమున్న ఎన్ఈకే1 అనే జన్యువును గుర్తించారు. పీట్ 2019లో, పాట్ 2020లో చనిపోయారు. వాళ్లు పోయినా వాళ్లు తెచ్చిన డబ్బుతో మొదలైన పని ఆగలేదు.

అది ఎందుకు పాకింది? నీళ్ల వల్ల అని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. వీడియో చివర్లో పేరు పెట్టి పిలవడం వల్ల పాకింది. "ఫలానా, ఫలానా, ఫలానా, మీకు 24 గంటలు టైమ్." ముగ్గురి పేర్లు, నలుగురి ముందు. మన టీచరుగారింటికి వెళ్లిన పిల్లాడు చేసిన పని అదే. 2018లో మన తెలంగాణలో మొదలైన గ్రీన్ ఇండియా ఛాలెంజ్ కూడా ఈ దారిలోనే నడిచింది. మూడు మొక్కలు నాటు, ముగ్గురిని పిలువు. "అందరూ విరాళం ఇవ్వండి" అని పెట్టిన పోస్టు ఎవరికీ తగలదు. "రమణా, నువ్వు" అంటే రమణకి తగులుతుంది.

ఐస్ బకెట్‌లో ఒక లోపం కూడా ఉంది. దాన్ని గమనించండి. నీళ్లు పోసుకోవడం ఒకటి, డబ్బు ఇవ్వడం ఇంకొకటి. రెండింటి మధ్య సందు ఉంది. ఆ సందులో లక్షలమంది జారిపోయారు, నీళ్లు పోసుకున్నారు, ఇవ్వలేదు. అక్కడ పాల్గొన్నవాళ్లు కోట్లలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. మన చిన్న సంస్థకి వచ్చేది రెండొందల మంది. మనకి ఆ సందు ఉండకూడదు.

ఆ సందు లేని ఛాలెంజ్ పుట్టింది హైదరాబాద్‌లోనే. అదే 2014 ఆగస్టులో జర్నలిస్టు మంజులత కళానిధి గారు, నీళ్లకు కటకటలాడే దేశంలో బకెట్ నీళ్లు పారబోయడం ఏమిటనుకున్నారు. బకెట్ బియ్యం తీసుకెళ్లి, తన ఊళ్లో టిఫిన్ అమ్ముకునే ఒకాయనకి ఇచ్చి, ఫోటో పెట్టారు. రైస్ బకెట్ ఛాలెంజ్ అన్నారు దాన్ని. రోజుల్లో దేశమంతా, విదేశాల్లో కూడా పాకింది. అందులో చేసే పనే దానం. బియ్యం ఇవ్వకుండా ఆ ఛాలెంజ్ పూర్తి కాదు. నేను ఎంతో గౌరవించేది ఆ ఆలోచనని.

ఇప్పుడు మా సంగతి. కొన్నేళ్ల కిందట మా మిత్రులం ఒక చిన్న సంస్థ కోసం డాన్స్ ఛాలెంజ్ పెట్టాం. పాట ఎంపికకి వారం తీసుకున్నాం. పోస్టర్‌కి ఇంకో వారం. వీడియోలు బాగా వచ్చాయి, లైకులు వచ్చాయి. ఖాతాలో మాత్రం మా కార్యకర్తలు వేసిన డబ్బే ఎక్కువ కనిపించింది. ఆ రాత్రి కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగాం, "ఎక్కడ ఆగిపోయారు?" అని. సమాధానాలు విని కళ్లు తెరుచుకున్నాయి.

ఇన్‌స్టాగ్రామ్ వీడియో కింద మేం రాసిన లింక్ నొక్కితే తెరుచుకోదు. అక్కడ అది ఉత్త అక్షరాలే. మాకు తెలియదు. క్యూఆర్ కోడ్ పెట్టాం. కానీ చూసే మనిషి ఆ కోడ్‌ని ఏ ఫోన్‌లో చూస్తున్నాడో అదే ఫోన్‌తో స్కాన్ చేయాలి! స్క్రీన్‌షాట్ తీసి, యాప్ తెరిచి, గ్యాలరీలోంచి ఎక్కించాలి. మా అత్తయ్య లాంటి వాళ్లు అక్కడే వదిలేశారు. ఇంకొకాయన చెప్పింది అన్నిటికన్నా బాధపెట్టింది. "స్కాన్ చేశానండీ, సంస్థ పేరు బదులు ఎవరో మనిషి పేరు వచ్చింది. మోసమేమో అని భయపడి ఆపేశాను." అది మా ట్రెజరర్ సొంత ఖాతా. నిజాయితీపరుడు, అయినా ఆ మనిషి భయం న్యాయమైనదే. ఆ రోజు నుంచి నా నియమం ఒకటే. సంస్థ పేరు మీద ఉన్న ఖాతా తప్ప ఇంకేదీ పోస్టర్ మీద వేయకూడదు. స్కాన్ చేస్తే ఏ పేరు కనిపిస్తుందో అది కూడా పోస్టర్ మీదే రాయాలి. "ఈ పేరు వస్తేనే పంపండి" అని. నకిలీ క్యూఆర్ కోడ్‌లు తిరిగే రోజులివి.

ఇలాంటి పొరపాటు పెద్దవాళ్లకీ జరిగింది. 2014 మార్చిలో బ్రిటన్‌లో ఆడవాళ్లు మేకప్ లేని సెల్ఫీలు పెట్టి క్యాన్సర్ పరిశోధనకి డబ్బు పంపడం మొదలుపెట్టారు. అక్కడి క్యాన్సర్ రీసెర్చ్ యూకే సంస్థ దాన్ని మొదలుపెట్టలేదు, జనం మొదలుపెట్టారు. సంస్థ వెంటనే మేలుకుని, ఫోన్ మెసేజ్ ద్వారా విరాళం పంపడానికి ఒక కోడ్ ఇచ్చింది. ఆరు రోజుల్లో 80 లక్షల పౌండ్లు. కానీ కోడ్‌లో ఒక మాట బదులు ఇంకో మాట టైప్ చేసినవాళ్ల డబ్బు యునిసెఫ్‌కి వెళ్లింది, 18,000 పౌండ్లకు పైగా. రెండు సంస్థలూ మాట్లాడుకుని సరిదిద్దుకున్నాయి. అందుకే ఛాలెంజ్ మొదలయ్యే ముందు రోజు పది ఫోన్ల నుంచి ఒక్కో రూపాయి పంపి చూడండి. కొత్త ఫోను, పాత ఫోను, అమ్మ ఫోను, డ్రైవర్ అన్న ఫోను. ఎక్కడ ఆగిందో అక్కడ సరిచేయండి.

అసలు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మా అనుభవంలో లైకులు ఇన్‌స్టాగ్రామ్‌లో, డబ్బు వాట్సాప్‌లో. పదో తరగతి బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పిన్ని కూతురి పెళ్లికి పెట్టిన కుటుంబం గ్రూపు. అక్కడ అడిగేవాడు తెలుసు, చూసేవాళ్లు తెలుసు. చదివింపుల్లో పేరు చదివినట్టే, గ్రూపులో ఒకరు "పంపాను" అని పెడితే ఇంకొకరు పంపుతారు.

ఇక చట్టం. ఇది కొంచెం ఓపికగా వినండి, ఎందుకంటే ఇక్కడ జరిగే తప్పు డబ్బు రాకపోవడం కన్నా పెద్దది. ఊరికే క్యూఆర్ పెట్టి వదిలేస్తే ఎవరు పంపారో మీకు తెలియదు. దాతల పేరు, చిరునామా లేని విరాళాలు ఒక పరిమితి దాటితే, దాటిన దాని మీద 30 శాతం పన్ను కట్టాల్సి వస్తుంది. పిల్లల మందులకు వచ్చిన డబ్బులో దాదాపు మూడో వంతు! కాబట్టి చెల్లింపుతో పాటే పేరు, చిరునామా, కావాలంటే పాన్ తీసుకునే చిన్న ఫారం ఉండాలి. మీ సంస్థకి దాతలకు పన్ను మినహాయింపు ఇప్పించే అనుమతి (80జి అని పిలుస్తారు) ఉంటే సర్టిఫికెట్ ఇవ్వడానికి కూడా అదే ఆధారం. నగదు 2,000 దాటితే ఆ మినహాయింపు వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకి ఈ మినహాయింపే లేదు. ఇప్పుడు ఎక్కువమంది అందులోనే ఉన్నారు. కాబట్టి "పన్ను తగ్గుతుంది" అని ప్రచారం చేయకండి. పిల్లల పేరుతోనే అడగండి.

మన తెలుగువాళ్లకి ఇంకో ముఖ్యమైన విషయం. ప్రతి ఇంట్లో ఒకరు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్నారు. ఛాలెంజ్ పెట్టగానే ముందు వాళ్లే అడుగుతారు, "ఎక్కడికి పంపాలి?" అని. ఇక్కడ ఒక గీత ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. దానికి మీ సంస్థకి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే రావాలి. "మా అన్నయ్యే కదా" అంటే చట్టం ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ లేకపోతే మర్యాదగా వద్దనండి. వాళ్లను వేరేలా కలుపుకోండి. వాళ్ల మాట మీద ఇక్కడున్న తమ్ముడో, బావగారో ఇస్తారు, అది వాళ్ల సొంత డబ్బే అయితే చాలు.

ఒక చెల్లెమ్మ చీటీ పంపింది. "పిల్లల వీడియోలు పెడితే ఎక్కువ డబ్బు వస్తుంది కదా, పెట్టవచ్చా?" అని.

అమ్మా, ఎక్కువ రావచ్చు. అయినా నా మనసు ఒప్పుకోదు. సూది గుచ్చుతుంటే ఏడుస్తున్న ఆరేళ్ల పాప ముఖం మనం ఈరోజు పెడతాం. పాపకి ఇరవై రెండేళ్లు వస్తాయి. ఇప్పుడు మంచి వైద్యం అందితే మన పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ రోజు ఎవరో ఆ పాప పేరు వెతికితే ఆ ఏడుపు వీడియోనే వస్తుంది. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాం అంటాం. కానీ రక్తం కోసం మన ఎదురుగా నిలబడ్డ తల్లి మనకి వద్దని ఎలా చెబుతుంది? కాబట్టి ముఖం వద్దు. పిల్లలు వేసిన బొమ్మ చూపించండి, చేతిరాత చూపించండి. పెద్దవాళ్లయిన పేషెంట్లు తమంతట తాము ముందుకొచ్చి మాట్లాడతామంటే, వాళ్లకి మైకు ఇవ్వండి. పీట్ ఫ్రేట్స్ తన కథ తనే చెప్పుకున్నాడు, అందుకే అందులో జాలి కన్నా ధైర్యం కనిపించింది.

ప్రమాదకరమైన పనులు పెట్టకండి, బండి మీద విన్యాసాలు, నీళ్లలో దూకడాలు, ఉపవాసాలు. ఐస్ బకెట్ సమయంలోనే కెంటకీ రాష్ట్రంలో విద్యార్థుల మీద నీళ్లు పోయడానికి ఫైర్ ఇంజిన్ నిచ్చెన ఎత్తారు. అది కరెంటు తీగలకు దగ్గరగా వెళ్లింది. షాక్ తగిలిన ఒక అగ్నిమాపక అధికారి తర్వాతి నెలలో చనిపోయారు. మంచి పని కోసం వచ్చిన మనిషి.

సరే, ఐడియాకి వద్దాం. 2020లో కరోనా వల్ల లండన్ మారథాన్ వాయిదా పడింది. దాని మీద ఆధారపడ్డ సంస్థలకి ఆదాయం పోయింది. అప్పుడు వాళ్లు ఏం చేశారంటే, మారథాన్ 26.2 మైళ్లు కదా, ఏప్రిల్ 26 నుంచి 2.6 ఛాలెంజ్ అని పెట్టారు. ఒక్క అంకె ఇచ్చి, పని ఎవరిష్టం వారికి వదిలేశారు. 26 నిమిషాలు బంతి ఆడొచ్చు, 2.6 మైళ్లు నడవొచ్చు. కోటి పౌండ్లకు పైగా వచ్చింది. అంకె ఒకటే ఉంటే పరిగెత్తలేని ముసలమ్మ కూడా కలుస్తుంది. ఆ పద్ధతి మనకి బాగా పనికొస్తుంది.

మన అంకె ఏది? మన పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మధ్యలో పట్టుకుంటే 21 రోజులు. ఎక్కించిన వారం పిల్లాడు వీధంతా తిరుగుతాడు. మూడో వారానికి వచ్చేసరికి హిమోగ్లోబిన్ పడిపోయి, గుమ్మంలో కూర్చుని మిగతావాళ్ల ఆట చూస్తాడు. మీరు చూశారు, మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి 21.

ఇరవై మీరు చేయండి. 20 సూర్యనమస్కారాలు, 20 మెట్లు, 20 చుక్కల ముగ్గు, 20 ఎక్కం అప్పజెప్పడం. ఇరవై ఒకటోది మీ ఫోన్‌లో జరగాలి. కెమెరా ముందే 116 రూపాయలు పంపాలి, ఫారం నింపాలి, అప్పుడే 21 పూర్తవుతుంది. డబ్బు పంపకపోతే ఆ వీడియో అసంపూర్తి, చూసేవాళ్లకి కూడా తెలిసిపోతుంది. చెల్లింపు తెర చూపించేటప్పుడు లావాదేవీ నంబరు, ఫోన్ నంబరు కనిపించకుండా చూసుకోమనండి. ఆ తర్వాత ముగ్గురి పేర్లు. డబ్బు ఇవ్వలేని విద్యార్థి ఉంటే, వయసు, ఆరోగ్యం సరిపోతే, 21వదిగా రక్తం ఇవ్వొచ్చు. మగవాళ్లయితే మూడు నెలలకోసారి, ఆడవాళ్లయితే నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. మన పిల్లలకి అది డబ్బు కన్నా తక్కువేం కాదు.

నూట పదహారుతో ఏం జరుగుతుందో మీ సంస్థ బిల్లులు చూసి రాయండి. రక్తం ఎక్కించేటప్పుడు వాడే ఫిల్టర్‌కి ఎంతమంది కలిస్తే సరిపోతుంది, పదేపదే రక్తం ఎక్కించడం వల్ల శరీరంలో పేరుకున్న ఐరన్‌ని తీసే మందు ఒక నెలకి ఎంత. మీ ఊళ్లో మీరు కట్టిన అసలు ధర రాయండి. అంచనా ధర రాయకండి.

మే 8 ప్రపంచ తలసేమియా దినం. దానికి 21 రోజుల ముందు, ఏప్రిల్ 17న మొదలుపెట్టండి. కానీ ఏప్రిల్ 17న ఎవరూ చూడకముందే రసీదు పుస్తకంలో మొదటి పేజీ నిండి ఉండాలి. పది మంది, ఊళ్లో పేరున్న డాక్టరు, హెడ్‌మాస్టరు, కిరాణా కొట్టు యజమాని, వీళ్ల వీడియోలు ముందే తీసి పెట్టుకోండి. ఖాళీ పుస్తకంతో ఎవరి గుమ్మమూ ఎక్కకండి. లక్ష్యం చిన్నది పెట్టండి, దాటితే మళ్లీ పెంచండి. 2020లో బ్రిటన్‌లో 99 ఏళ్ల కెప్టెన్ టామ్ మూర్ ఆసుపత్రుల కోసం విరాళాలు సేకరిస్తూ, వాకర్ పట్టుకుని పెరట్లో వంద చుట్లు తిరగడం మొదలుపెట్టినప్పుడు ఆయన లక్ష్యం వెయ్యి పౌండ్లే. చివరికి 3 కోట్ల 20 లక్షలకు పైగా వచ్చాయి. ఆయన కథలో బాధాకరమైన భాగం కూడా ఉంది. ఆయన పోయిన తర్వాత ఆయన పేరు మీద కుటుంబం నడిపిన ఫౌండేషన్‌లో నిర్వహణ సరిగా లేదని అక్కడి ఛారిటీ కమిషన్ 2024లో తేల్చింది. ఆసుపత్రుల కోసం వచ్చిన ఆ పాత డబ్బుకి దీనితో సంబంధం లేదు. అయినా ఆ పేరు వినగానే ఇప్పుడు జనానికి రెండూ గుర్తొస్తాయి.

అందుకే ముగిసిన నెలలోపు లెక్క పెట్టండి. ఎంత వచ్చింది, ఏ బిల్లుకి ఎంత పోయింది, ఎంత మిగిలింది. పంపిన ప్రతివారికీ ఆ రోజే ఒక మెసేజ్ వెళ్లాలి, పేరుతో. మరుసటి ఏడాది అదే ఛాలెంజ్ అదే ఊపుతో వస్తుందని ఆశపడకండి. ఐస్ బకెట్‌కే 2015లో మొదటి ఏడాది దరిదాపుల్లోకి కూడా రాలేదు. మిగిలేది దాతల జాబితా. ఆ రెండొందల మందిలో నెలకి నూట పదహార్లు ఇచ్చేవాళ్లు ముప్పై మంది దొరికితే, ఒక పిల్లాడి మందు కోసం మీరు ప్రతి నెలా కొత్తగా అడుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. మీ సంస్థ పోస్టర్ మీద ఉన్న క్యూఆర్‌కి పక్కనున్నవారి ఫోన్ నుంచి ఒక్క రూపాయి పంపించండి. ఏ పేరు వచ్చిందో చూడండి. సంస్థ పేరు కాకుండా మనిషి పేరు వచ్చినవాళ్లు ముందు వరుసలోకి రండి. ఖాతా మార్చడానికి బ్యాంకులో ఇవ్వాల్సిన కాగితాలు ఏమిటో ముందు అవి చూద్దాం. మిగతావాళ్లు టీ తాగి రండి.